రాప్తాటి సీమలో రక్తకణముల లెక్క

అనంతపురము నుండి బెంగుళూరునకు పోవు రహదారిలో, పట్టణపు పొలిమేర దాటిన కొలది సేపటికే రాప్తాడు వచ్చును. నిన్నమొన్నటి వరకు 7వ నంబరుగా ఎల్లరకు తెలిసి, ఇప్పుడు 44వ నంబరుగా మారిన ఆ జాతీయ రహదారికి ఇరుప్రక్కల ఎఱ్ఱనేలలును, బోడిగుట్టలును, వాన కురిసిన ఏట పచ్చగను కురియని ఏట బూడిదవన్నెగను కానవచ్చు శెనక్కాయ చేలును పరచికొని యుండును. ఏడాది పొడుగున సగటున 550 మిల్లీమీటర్ల వర్షమునకు మించి ఎరుగని ఈ పీఠభూమిలో మనుష్యుడు తన బ్రతుకునంతయు లెక్కలమీదనే నడపుకొనుచు వచ్చినాడు. ఎన్ని పదునుల వాన పడినది, బోరు ఎన్ని అడుగులు దిగినది, ఎకరమునకు ఎన్ని మూటల కాయ దిగినది, ఇంటిల్లిపాదిలో ఎందరు బెంగుళూరు కూలికి పోవలసి వచ్చినది అను ఈ లెక్కలు తెలియని పసివాడు ఇచ్చట ఉండడు. గడచిన ఇరువది యేండ్లలో వీనికి తోడుగా మరియొక లెక్క ఈ సీమకు వచ్చినది. అది మనుష్యుని నెత్తుటిలోని కణములను వెలుతురు ముందు ఒక్కొక్కటిగా నడిపించి, జాతి జాతికి విడదీసి గణించు లెక్క. దానిని వైద్యశాస్త్రము ఫ్లో సైటోమెట్రీ అని వ్యవహరించును. ఆ యంత్రమును గూర్చి చెప్పువారు కలరు గాని, ఆ యంత్రమును నడుపు చేతులకు విద్య ఎట్లు అలవడినది, ఎవరు ఎవరికి నేర్పిరి, ఏ శిక్షణ శిబిరములలో ఆ నేర్పు చేతి నుండి చేతికి దాటినది అను సంగతిని చరిత్రగా కూర్చి చెప్పిన వారు అరుదు. ఈ వ్యాసము ఆ కొరతను తీర్చుటకై చేసిన చిన్న యత్నము.

ఈ గడ్డమీద లెక్క ఎన్నడును నిరపాయమైన వస్తువు కాదు. 1800లో నిజాము ఈ ప్రాంతమును కుంఫిణీవారికి దత్తము చేసిన పిమ్మట ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, 1807 వరకు ఇచ్చట నుండి, పొలము పొలమును కొలిపించి, నేల తరము నిర్ణయింపజేసి శిస్తు కట్టించెను. గొలుసు పట్టినవాని చేయి కొంచెము జారినచో ఆ భారము రైతు నెత్తిన పడును. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును దహించిన మహాక్షామకాలమున ఈ తాలూకాలు బళ్లారి జిల్లాలోనివి. అనంతపురము వేరు జిల్లాగా ఏర్పడినది 1882లో. ఆ కరువు పనులకు వచ్చినవారికి సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన దినకూలి ఒక పౌను ధాన్యమును, దానిపై కొలదిపాటి చిల్లరయును మాత్రమే. కష్టించు శరీరమునకు ఆ కొలత చాలదని మదరాసు సానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ తీవ్రముగా వాదించెను. ఒక కాగితముమీది అంకె మనుష్యుని ప్రాణమును ఎట్లు శాసించునో ఈ సీమ ఆనాడే చూచినది. కావున లెక్క కట్టువాడెవడు, ఏ సాధనముతో కట్టుచున్నాడు, ఆ సాధనమును పట్టుట అతనికి నేర్పినవారెవరు అను ప్రశ్నలు ఇచ్చటివారికి పండితుల కాలక్షేపములు కావు. రక్తకణముల లెక్కయును అట్టిదే. ఈ రోగికి మందు ఈ దినమే మొదలుపెట్టవలెనా, మరి కొన్ని నెలలు ఆగవలెనా అని ఒక అంకెయే తేల్చిచెప్పిన కాలమొకటి ఈ జిల్లా చరిత్రలో గడచినది.

నెత్తుటి కణములను లెక్కించుట మానవజాతి నేర్చికొని రెండు శతాబ్దములైనను కాలేదు. 1852లో జర్మనీ దేశపు శరీరశాస్త్రజ్ఞుడు కార్ల్ ఫియరోర్ట్ ఎఱ్ఱకణములను లెక్కించు పద్ధతిని మొట్టమొదట ప్రకటించెను. పిదప ఫ్రాన్సులో మలాస్సే మొదలైనవారు ఆ పని సులభమగునట్లు సాధనములను కల్పించిరి. సన్నని గళ్లు గీచిన గాజుపలకపై పలుచన చేసిన రక్తపు బొట్టునుంచి, గడి గడికిని కణములను ఎంచు ఆ సాధనమే న్యూబార్ ఛాంబరు అను పేరుతో నేటికిని మన కళాశాలల బల్లలమీద ఉన్నది. 1879 ప్రాంతమున పాల్ ఎర్లిక్ రంగులద్ది తెల్లకణములలోని తెగలను వేరుపరచి చూపెను. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని కనుగొనిన వృత్తాంతము తెలుగువారికి చిరపరిచితమే. ఆ మహాకార్యమునకు సాధనములు ఒక సూక్ష్మదర్శినియు, ఓర్పు గల ఒక కన్నును మాత్రమే.

అటుపిమ్మట ఎన్నో దశాబ్దములు మన ఆసుపత్రులలో రక్తపరీక్ష అనగా కన్నే, కన్నుకు తోడు వ్రేలే. స్లయిడుపై రక్తమును పలుచగా లాగి, ఆరనిచ్చి, లీష్మన్ రంగు పోసి, కడిగి, నూనెబొట్టు వేసి సూక్ష్మదర్శిని క్రింద నిలిపి, ఎడమచేతితో స్లయిడును జరుపుచు కుడిచేతితో లెక్కమీటలు నొక్కుచు, నూరు తెల్లకణములు పూర్తియగు వరకు తల యెత్తక కూర్చుండు టెక్నీషియనును మన జిల్లా ఆసుపత్రులలో చూడనివారు లేరు. ఆ విద్య గురుముఖతః వచ్చినదే. స్లయిడుపై రక్తమును ఎంత కోణమున లాగవలెనో, రంగు ఎంతసేపు ఉంచవలెనో, బోరునీటిలోని ఉప్పునుబట్టి రంగు ఎట్లు మారునో పుస్తకములో వ్రాసినను పట్టుబడదు. పెద్ద టెక్నీషియను ప్రక్కన నిలుచుండి ఏడాది చూచినవానికే పట్టుబడును. అయితే ఈ విద్యకు ఒక హద్దున్నది. రూపమునుబట్టి లింఫోసైటు అని చెప్పవచ్చును గాని, ఆ లింఫోసైట్లలో ఏది ఏ పని చేయునదో రూపము చెప్పదు. ఒకే పోలికలో నుండు కణములలో శరీరరక్షణకు సేనాని వంటిది ఒకటి, సైనికుని వంటిది ఒకటి కలవని ఆ కన్నునకు తెలియు దారి లేదు.

ఆ దారి వేరొక దిక్కున తెరుచుకొన్నది. 1934లో మాంట్రియల్ నగరము నుండి ఆండ్రూ మోల్డావన్ అనునతడు, సన్నని గొట్టములో కణములను ప్రవహింపజేసి వెలుతురు సహాయమున గణింపవచ్చునని సైన్స్ పత్రికలో సూచించెను. 1953లో వాలస్ కూల్టరునకు పేటెంటు లభించిన పద్ధతి వెలుతురుతో గాక విద్యుత్తుతో కణములను ఎంచినది. చిన్న రంధ్రము గుండ కణము దాటునపుడు విద్యుత్ప్రవాహమునకు కలుగు అవరోధమే దాని పరిమాణమును చెప్పును. 1965లో లాస్ అలమోస్‌లో మాక్ ఫుల్వైలరు కణములను పరిమాణమునుబట్టి వేరుచేయు యంత్రమును నిర్మించెను. 1968లో జర్మనీలోని మ్యూన్‌స్టరులో వుల్ఫ్‌గాంగ్ గోడె ప్రతిదీప్తి వెలుగుతో పనిచేయు యంత్రమును రూపొందించెను. 1969లో స్టాన్‌ఫర్డునందు లెనార్డ్ హెర్జెన్‌బర్గును అతని సహచరులును, వెలుగు చిందు కణములను వేరుచేయు యంత్రమును ప్రకటించి, కొలది యేండ్లలో దానికి లేజరును అమర్చిరి. ఈ విద్యకు ఫ్లో సైటోమెట్రీ అను నామకరణము 1976లో ఫ్లోరిడాలోని పెన్సకోలాలో జరిగిన సమావేశమున స్థిరపడినదని చెప్పుదురు.

యంత్రము చేయు పనిని మన సీమవాడు సులభముగనే గ్రహింపగలడు. ప్రొద్దుగూకు వేళ గొర్రెల మంద దొడ్డికి చేరినపుడు కాపరి తడికెను ఒక్క గొర్రె పట్టునంత సందుగా తీసి, ఆ సందు ప్రక్కన నిలుచుండి, ఒక్కొక్క గొర్రె దాటునపుడు దాని ఎత్తు, వన్నె, చెవిమీది గురుతు చూచుచు ఎంచును. ఫ్లో సైటోమీటరులో ఆ సందు ద్రవప్రవాహము. ఆ కాపరి లేజరు కిరణము. కణము దాటునపుడు ముందునకు చెదరిన వెలుగు దాని పరిమాణమును, ప్రక్కకు చెదరిన వెలుగు దాని లోపలి గరుకుదనమును తెలుపును. ఇక చెవిమీది గురుతు మాత్రము కణమునకు సహజముగా కానరాదు. దానిని పెట్టినవారు 1975లో కేంబ్రిడ్జిలో మోనోక్లోనల్ ప్రతిరక్షకములను సృష్టించిన కోలర్, మిల్‌స్టైన్ అనువారు. కణముపైని ఒకే తీరు అణువును మాత్రమే గుర్తించి అంటుకొను ఆ ప్రతిరక్షకమునకు వెలుగునిచ్చు రంగును కట్టినచో, కన్నునకు ఒకే తీరున నున్న కణములు యంత్రమునకు వేరువేరు వన్నెలతో కనబడును. 1984లో వారికి నోబెల్ బహుమానము లభించినది.

ఇచ్చట మనము కొంచెము నిలువవలెను. ఏలయన ఈ విద్యలో వర్క్‌షాపు అనునది శిష్యులకు పాఠము చెప్పు సభగా గాక, ఆచార్యులే ఒండొరులను పరీక్షించుకొను సభగా మొదలైనది. మోనోక్లోనల్ ప్రతిరక్షకములు వచ్చిన కొలది యేండ్లలోనే ప్రతి లేబొరేటరీయు తనకు తోచిన పేరు పెట్టసాగెను. ఒకే గురుతును ఒకరు టి4 అనిరి, మరియొకరు ల్యూ3 అనిరి. ఒక దేశపు ఫలితము మరియొక దేశమునకు అర్థము కాని స్థితి వచ్చెను. 1982లో పారిస్ నగరమున మొదటి అంతర్జాతీయ వర్క్‌షాపు సమకూడి, పలు లేబొరేటరీల ప్రతిరక్షకములను పేర్లు దాచి పంచి, ఏవి ఏ కణములకు అంటుకొనుచున్నవో అందరు వేరువేరుగా పరీక్షించి, ఫలితములను ప్రక్కప్రక్కన పెట్టి చూచి, ఒకే తీరున ప్రవర్తించువానికి ఒకే సంఖ్య నిచ్చిరి. సి.డి. అను రెండక్షరములును, వాని వెనుకటి అంకెయును ఆ సభ ప్రసాదములే. 1984లో బోస్టనులోను, 1986లో ఆక్స్‌ఫర్డులోను తరువాతి సభలు జరిగినవి. నీ ఫలితమును నేను చూడకుండ చెప్పుము, నా ఫలితమును నీవు చూడకుండ చెప్పెదను, రెండును కలిసినచో సత్యము అని నిర్ణయింతము అను ఆ నియమమే నేటికిని ఈ విద్యకు ప్రాణము. అటు అమెరికాలో లాస్ అలమోస్‌నందును, మేయిన్ రాష్ట్రపు బౌడన్ కళాశాలయందును వేసవికాలపు శిక్షణలు ఏటేట జరుగుచు వచ్చినవి. పగలు ఉపన్యాసము, పిదప యంత్రము ముందు చేతిపని అను క్రమము అట్టి శిక్షణల నుండియే దేశదేశములకు ప్రాకినది.

టి4 అనియు ల్యూ3 అనియు పిలిచిన ఆ గురుతునకే పెట్టిన సి.డి.4 అను అంకె గ్రంథముల నుండి దిగి గ్రామములకు రావలసిన దుర్దినములు అప్పటికే సమీపించుచుండెను. 1981లో అమెరికాలో బయలుపడిన ఎయిడ్స్ అను క్రొత్త వ్యాధిలో రోగుల శరీరమునందు ఈ సి.డి.4 గల లింఫోసైట్లే క్షీణించుచున్నవని కనుగొనిరి. 1984లో, ఆ వ్యాధికి మూలమగు హెచ్.ఐ.వి. అను వైరసు కణములోనికి జొరబడు ద్వారము సి.డి.4యే అని తేలినది. మన దేశమున 1986లో మదరాసులో డాక్టరు సునీతి సోలొమన్, ఆమె శిష్యురాలు డాక్టరు సెల్లప్పన్ నిర్మల మొదటిసారిగా హెచ్.ఐ.వి. సోకినవారిని గుర్తించిరి. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థయగు నాకోయును, పూనాలో జాతీయ ఎయిడ్స్ పరిశోధన సంస్థయగు నారియును ఏర్పడినవి. ఆరోగ్యవంతుడైన పెద్దవాని రక్తములో ఘన మిల్లీమీటరునకు ఇంచుమించు 500 నుండి 1500 వరకు ఉండు ఈ కణములు 200కు దిగజారినచో క్షయ, మెదడు పొరల వ్యాధి మున్నగునవి ఏ క్షణమునైనను పైబడవచ్చును.

ఆ కాలమున మన రాష్ట్రము దేశములో ఈ వ్యాధి హెచ్చుగా నున్న వానిలో నొకటి. ఈ సీమలో వ్యాధి పాకిన తీరును దుర్నీతి అను ఒక్క మాటతో త్రోసివేయుట అన్యాయము. వాన లేక చేను ఎండును. చేను ఎండినచో మగవాడు బండెక్కి బెంగుళూరు చేరును. నెలల తరబడి ఇల్లు విడిచి యుండును. రహదారి వెంట లారీలు రాత్రింబవళ్లు నడచును. తిరిగివచ్చిన మగనితో పాటు వ్యాధియు వచ్చి, గడప దాటి యెరుగని ఇల్లాలిని, ఆమె గర్భమునందలి శిశువును పట్టుకొనును. ఇది కరువు కన్న వ్యాధి అని నా దృఢమైన అభిప్రాయము.

అట్టి వేళ ఈ జిల్లాకు ఆధారమైన వానిలో ముందుగా చెప్పదగినది, జనులు ఆర్.డి.టి. అని పిలుచు రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు. స్పెయిన్ దేశమున బార్సిలోనాలో 1920లో పుట్టి, మహారాష్ట్ర నుండి వెడలగొట్టబడి, 1969లో అనంతపురము చేరి, 2009లో ఇచ్చటనే కన్నుమూసిన విన్సెంట్ ఫెర్రర్, ఆయన భార్య అన్నే ఫెర్రర్ కరువు సీమ కొరకు చేసిన పని సుదీర్ఘమైనది. రాప్తాటికి దాపుననే ఉన్న బత్తలపల్లిలో 2000లో వారు నెలకొల్పిన ఆసుపత్రి ఈ వ్యాధిగ్రస్తులకు ఉచితముగా వైద్యము చేసినది. అంతియే గాక, వచ్చిన ప్రతి రోగి వివరమును క్రమముగా నమోదు చేసి, విన్సెంట్ ఫెర్రర్ హెచ్.ఐ.వి. కోహార్ట్ స్టడీ అను పేర ఒక దీర్ఘపరిశీలనను నడపినది. డాక్టరు జెరార్డో ఆల్వారెజ్-ఉరియా, ఆయన సహచరులు ప్రకటించిన వ్యాసములలో 2012 నాటిదొకటి, రోగులు ఆసుపత్రికి ఎంత ఆలస్యముగా చేరుచున్నారు, ఎందరికి మందు అవసరము అను విషయమును సి.డి.4 లెక్క ఆధారముగనే విచారించినది. ప్రపంచమున ఏ మూలనో వైద్యులు చదువు ఆ వ్యాసములలోని అంకెలు ఈ పల్లెల నెత్తుటి నుండి వచ్చినవే. 2022లో జిల్లాలను విభజించినపుడు బత్తలపల్లి శ్రీ సత్యసాయి జిల్లాకు పోయినది. రాప్తాడు అనంతపురములోనే నిలిచినది. రోగి నడకకు మాత్రము ఆ హద్దు అడ్డురాలేదు.

2004 ఏప్రిల్ 1వ తేదీన కేంద్రప్రభుత్వము హెచ్.ఐ.వి.ని అదుపుచేయు ఏ.ఆర్.టి. మందులను ఉచితముగా ఇచ్చు పథకమును ఆరు రాష్ట్రములలో ఆరంభించెను. అందు ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆనాడు మందునకు ముఖ్యమైన అర్హత సి.డి.4 లెక్క 200కు దిగువ నుండుట. అనగా, ఒక అంకె తేలనిదే మందు మొదలు కాదు. అంకె తేల్చుటకు యంత్రము కావలెను. యంత్రము నడుపుటకు మనుష్యులు కావలెను. 2005లో నాకో సి.డి.4 గణనకు జాతీయ మార్గదర్శకములను వెలువరించినది. ఫ్యాక్స్‌కౌంట్, ఫ్యాక్స్‌కాలిబర్, పార్టెక్ అను పేర్ల యంత్రములు ఒక్కొక్కటిగా బోధనాసుపత్రులకు చేరినవి. అంతవరకు స్లయిడును, సూక్ష్మదర్శినిని నమ్ముకొని యున్న టెక్నీషియన్లు శిక్షణకై బయలుదేరవలసి వచ్చినది. మన దేశమున ఆరోగ్యశాఖ చేసిన పనులలో ఇంత నిశ్శబ్దముగా, ఇంత ఫలవంతముగా జరిగిన విద్యాదానము మరియొకటి నాకు కానరాదు.

ఆ శిక్షణలో ఏమి నేర్పిరి? యంత్రపు మీటలు నొక్కుట అతి స్వల్పభాగము. ఫ్యాక్స్‌కౌంట్ పనినే దగ్గరగా చూతము. ఒక్కొక్క రోగికి జంట ట్యూబులు ఉండును. వానిలో రంగు కట్టిన ప్రతిరక్షకములును, సంఖ్య ముందే తెలిసిన సూక్ష్మమైన పూసలును ఉండును. ఆ ట్యూబులో 50 మైక్రోలీటర్ల రక్తమును వేసి, కుదిపి, చీకటిలో గంటసేపు ఉంచి, పిదప 50 మైక్రోలీటర్ల ఫిక్సేటివు కలిపి యంత్రమునకు అందింపవలెను. యంత్రము కణములను పూసలతో పోల్చి, పూసల సంఖ్య తెలియును గనుక కణముల సంఖ్యను తేల్చును. ఇంతవరకు వినుటకు సులభమే. కాని ఆ 50 మైక్రోలీటర్లనునది ఒక చిన్న చెమట బొట్టంత. పిపెట్ మీటను మొదటి ఆపు వరకు నొక్కి రక్తము పీల్చినచో, విడుచునపుడు గొట్టపు గోడకు ఒక పలుచని పొర అంటి మిగిలిపోవును. కావుననే శిక్షకులు రివర్స్ పిపెట్టింగు అను పద్ధతిని మరల మరల చేయించిరి. అనగా మీటను రెండవ ఆపు వరకు నొక్కి కావలసిన దానికంటె కొంత ఎక్కువ పీల్చవలెను; గొట్టపు వెలుపలి రక్తమును తుడువవలెను; మొదటి ఆపు వరకే విడువవలెను; మిగిలిన దానిని పారవేయవలెను. నీటితో పది మార్లు, రక్తముతో పది మార్లు చేయించి, సున్నితపు త్రాసుపై తూచి చూపి, చేయి కుదిరినదని తేలిన పిదపనే యంత్రము వద్దకు రానిచ్చు శిక్షకుడే ఉత్తమ శిక్షకుడు.

ఈ పట్టుదల ఎందులకనగా, 50 మైక్రోలీటర్లలో 5 తగ్గినచో ఫలితమున పదవవంతు తగ్గును. నిజముగా 205 గల రోగికి 185 అని వచ్చును. 5 ఎక్కువైనచో 225 అని వచ్చును. 185 అయినచో మందు నేడే; 225 అయినచో మరల రమ్మని చీటీ. కూలి మానుకొని, బస్సు చార్జీలకు అప్పు చేసి వచ్చిన రాప్తాటి మనిషికి ఆ చీటీ అర్థమేమో, ఏడవ నెలలోనో ఎనిమిదవ నెలలోనో అతడు మరల వచ్చుటకు బ్రతికి యుండునో లేదో ఊహింపుడు.

రెండవ పాఠము రక్తపు ప్రయాణమును గూర్చినది. ఏ.ఆర్.టి. కేంద్రమున్న ప్రతిచోట యంత్రము లేదు. పల్లె నుండి వచ్చినవాని రక్తమును ఊదామూత ట్యూబులో తీసి, వేరొక ఊరి లేబొరేటరీకి పంపవలసి యుండెను. మామూలు రక్తపరీక్షలకు అలవాటుపడిన చేయి ఆ ట్యూబును వెంటనే మంచుగడ్డలపై పెట్టును. సి.డి.4 పరీక్షకు అది తప్పు. ఆ రక్తము 20 నుండి 25 డిగ్రీల వేడిమిలో ఉండవలెను; ఎక్కువ చల్లనైనను, ఎక్కువ వేడియైనను కణములు చెడును. వైశాఖమాసమున 40 డిగ్రీలు దాటు అనంతపురపు ఎండలో, బస్సు పైకప్పుమీదనో ద్విచక్రవాహనపు సంచిలోనో పోవు పెట్టెలో ఆ వేడిమిని నిలుపుట ఎట్లో చల్లని నగరములలో వ్రాసిన పుస్తకములు చెప్పవు. చల్లబరచిన జెల్ సంచులను నేరుగా ట్యూబులకు తాకింపక, మధ్య కాగితపు మందమును పెట్టి, పెట్టెలో ఉష్ణమాపకమునుంచి, ఉదయపు మొదటి బండికే పంపి, 48 గంటలు దాటకముందే పరీక్ష ముగియునట్లు చూచుట వంటి జాగ్రత్తలు చేసినవారు చెప్పగా చేయవలసినవారు వినిన విద్య.

మూడవది పారిస్ సభ నేర్పిన నియమమే. పూనా నారి సంస్థ, కెనడా దేశపు క్వాసీ అను నాణ్యతా పథకముతో చేయి కలిపి, మన దేశపు సి.డి.4 లేబొరేటరీలకు విలువ చెప్పని రక్తనమూనాలను పంపి, వచ్చిన జవాబులను ఒకచోట చేర్చి, ఎవరి లెక్క సగటునకు ఎంత దూరమున నున్నదో వారికి తెలియజేయు ఏర్పాటు చేసినది. దూరముగా నున్నవారిని శిక్షించుటకు గాదు; పిపెట్ చెడినదా, చేయి చెడినదా, కారకము చెడినదా అని వెదకి సరిదిద్దుటకు. ఉదయమున రోగి రక్తమును ముట్టకముందు సున్న, తక్కువ, మధ్యమ, హెచ్చు అను నాలుగు స్థాయిల ప్రమాణములను నడిపి, యంత్రము నిజము పలుకుచున్నదని రూఢిపరచుకొని కాని పని మొదలుపెట్టరాదను నిష్ఠ మన టెక్నీషియన్లకు అలవడినది ఈ కాలముననే.

మందు మొదలుపెట్టు హద్దు కాలక్రమమున 200 నుండి 350కి, 350 నుండి 500కు పెరిగి, 2017లో, లెక్కతో నిమిత్తము లేకుండ హెచ్.ఐ.వి. ఉన్నవారికందరకు మందు ఇయ్యవలెనను నిర్ణయము వచ్చినది. ఇది మహోపకారము. ఆ లెక్క నేడు మందు ద్వారమును మూయదు; ఆలస్యముగా వచ్చినవాడు ఎంత ప్రమాదములో నున్నాడో చెప్పుటకు మాత్రము దాని అక్కర తీరలేదు.

ఇంతలో అదే విద్య మరియొక వ్యాధికి అవసరమైనది. అది రక్తపు క్యాన్సరు. ఇందు తెలుగువారికి చిరకాలపు బంధమొకటి ఉన్నది: 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో లెడర్లీ సంస్థలో ఫోలికామ్లముపై చేసిన కృషి ఫలితముగా వచ్చిన అమినోప్టెరిన్ మందునే 1948లో సిడ్నీ ఫార్బర్ పసిపిల్లల లుకేమియాకు వాడి, వ్యాధి తాత్కాలికముగా తగ్గుటను లోకమునకు చూపెను. అదే ఏట సుబ్బారావు కాలధర్మము చెందెను. ఆయన పరంపరలోనిదే మెథోట్రెక్సేట్. నేటికిని పిల్లల లుకేమియా చికిత్సలో దానిది ముఖ్యస్థానము. అయితే ఏ లుకేమియాకు ఏ చికిత్స అని తేల్చుటకు కణపు జాతి తెలియవలెను. సి.డి.19, సి.డి.10 గురుతులు గలవి బి జాతివి, సి.డి.3, సి.డి.7 గలవి టి జాతివి, మైలోపెరాక్సిడేజ్, సి.డి.13, సి.డి.33 గలవి మజ్జజాతివి. చికిత్స పిదప పదివేల కణములలో ఒక్క దుష్టకణము మిగిలియున్నను పట్టగలుగుట ఈ యంత్రమునకు సాధ్యము.

ఈ విషయమున ముంబయి టాటా మెమోరియల్ కేంద్రము పూనికతో దేశపు నిపుణులు సమావేశమై, రక్తపు క్యాన్సర్లను ఫ్లో సైటోమెట్రీతో నిర్ణయించుటకు సమ్మతమైన మార్గదర్శకములను 2008లో ప్రకటించిరి. భారతదేశపు సైటోమెట్రీ సొసైటీ తన సమావేశములతో పాటు వర్క్‌షాపులు నడపుచున్నది. ఇచ్చటి విద్య సి.డి.4 శిక్షణ వంటిది కాదు. సి.డి.4 యంత్రము తానే అంకె నిచ్చును. క్యాన్సరు యంత్రము చుక్కల పటమును మాత్రమే ఇచ్చును. తెరపై వేలకొలది చుక్కలు గుంపులు గుంపులుగా కానవచ్చును; ఏ గుంపు చుట్టు గీత గీయవలెనో, దేనిని విడువవలెనో నిర్ణయించుటను గేటింగు అందురు. ఒక రంగు వెలుగు ప్రక్క రంగు మీదికి పొరలినపుడు ఆ పొరలినంత తీసివేయుటను కాంపెన్సేషను అందురు. అది చేయనివాడు లేని గురుతును ఉన్నదనుకొని, ఒక జాతి క్యాన్సరును మరియొక జాతి అని వ్రాయును. శిక్షణలో ఒకే రోగి పటమును పదిమందికి ఇచ్చి, ఎవరి గీత వారిని గీయమని, పది గీతలను గోడపై ప్రక్కప్రక్కన చూపినపుడు, అనుభవజ్ఞులు సైతము తమ గీతను మరల చూచుకొందురు. ఆ వాదప్రతివాదములలో పుట్టు జ్ఞానము గ్రంథముల వలన రాదు.

అనంతపురమున ప్రభుత్వ వైద్యకళాశాల 2000లో నెలకొన్నది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము 1981 నుండి విద్యాదానము చేయుచున్నది. బత్తలపల్లి ఆసుపత్రి అనుభవము పైని చెప్పితిని. ఇన్ని ఉన్నను, నేటికిని మా పల్లె బిడ్డకు నెత్తురు పాలిపోయి, ఒడలు కములి, జ్వరము వదలక పోయినపుడు, తల్లిదండ్రులు బిడ్డను చంక నెత్తుకొని బెంగుళూరు బస్సెక్కుదురు. హైదరాబాదునకును, వెల్లూరునకును పోవువారును కలరు. ఆ నగరములలోని వైద్యుల నిపుణతకు చేతులెత్తి నమస్కరింతును. అయితే అచ్చటికి పోయిన పిదప జరుగు పనిలో సగము, పోవుటకు ముందు ఇచ్చటి లేబొరేటరీలో రక్తము తీసిన చేతిమీద ఆధారపడియున్నది. ఎముకమూలుగును తప్పుడు ట్యూబులో పోసినను, ఎండలో రెండు పగళ్లు నిలిపినను, ఎంతటి యంత్రమైనను చచ్చిన కణములనే లెక్కించును. కావున యంత్రము ఏ ఊర ఉన్నను, విద్య మాత్రము ఇచ్చట ఉండి తీరవలెను.

నేను కోరునది పెద్ద కోరిక కాదు. వైద్యకళాశాల, విశ్వవిద్యాలయము, బత్తలపల్లి ఆసుపత్రి ఈ మూడును చేతులు కలిపి, ఏటేట చలికాలమున ఒక వారము, ఈ రెండు జిల్లాల ప్రభుత్వాసుపత్రుల టెక్నీషియన్లను, చిన్న ఊళ్ల ప్రైవేటు ల్యాబులవారిని పిలిచి, పిపెట్ పట్టుట మొదలు పటమును చదువుట వరకు తెలుగులో నేర్పవలెను. పూనా, ముంబయి, వెల్లూరు ఆచార్యులను పిలిపింపవలెను. ఇరువది యేండ్లు సి.డి.4 లెక్కించి పదవీవిరమణకు సిద్ధముగా నున్న మన టెక్నీషియన్లను వారి ప్రక్కనే ఆచార్యపీఠమున కూర్చుండబెట్టవలెను. మండువేసవిలో రక్తపు పెట్టెను కాచిన నేర్పు వారికి తెలిసినంతగా వేరొకరికి తెలియదు; వారు విరమించిన పిదప అడుగుటకు ఎవరు మిగులుదురు? ఈ మూడు సంస్థల పెద్దలు రాబోవు చలికాలమునకే మొదటి శిబిరమును ఏర్పాటు చేయవలెనని నా మనవి.